గండికోట లోయ, బహ్రెయిన్ ఎడారి, ఒక బాకీ లెక్క



కొత్తగా చదివేవాళ్ళకు ముందుగా ఒక మాట. మేము గలాలీలో ఉంటాము. టైపు చేసేది ఒక్క చెయ్యే, సైట్‌లో సూపర్‌వైజరు పని, చదువు పదో తరగతి. కానీ రూములో ముగ్గురం. ఒకరిది జమ్మలమడుగు, ఒకరిది జగిత్యాల, ఒకరిది అమలాపురం దగ్గర. రాసింది ముగ్గురం చదువుకుని, తప్పులు దిద్దుకుని, అప్పుడే పెడతాము. అందుకే ఎప్పుడూ ‘మేము’ అనే రాస్తాము. జమ్మలమడుగు మనిషికి అక్క అంటే రూములో అందరికీ అక్కే.

సంక్రాంతి అయిన వారానికి మా అక్క, బావ, మేనల్లుడు విజిట్ వీసా మీద వచ్చినారు. పన్నెండు రోజులు ఉండి పోదామని. పక్క బిల్డింగులో చిన్న ఫ్లాటు మాట్లాడి పెట్టాము. అక్క ఒక సంచి నిండా అరిసెలు, చెనిక్కాయలు, ఊరిమిండి తెచ్చింది. మొదటి రెండు రోజులు తిండితోనే గడిచిపోయింది.

రెండో రోజు రాత్రి వంటింట్లో అక్క మెల్లగా అసలు సంగతి చెప్పింది. తిరుగు టికెట్లు మూడు ఉన్నాయంట, కానీ తిరిగి పోయేది ఇద్దరే అంట. పిల్లోడు ఐటీఐ ఎలక్ట్రీషియను పాసయినాడు. ఊర్లో ఒక ఏజెంటు బావతో, "విజిట్ మీద దింపుదాం, అక్కడ మీ బామ్మర్ది ఉన్నాడు కదా, దిగినాక పని వీసాకు మార్పిస్తాం" అని లక్షా ఎనభై వేలకు మాట్లాడుకున్నాడు. అరవై వేలు ముందే ఇచ్చేసినారు. అదీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బావ పెద్దవాడు, మొహం మీద ‘తప్పు చేసినావు’ అనలేము. శుక్రవారం వచ్చింది. "ఎడారి అంటారు కదా, అది చూపించండి" అన్నాడు బావ. సరే అని తెలిసినవాళ్ళ కారు అడిగి తీసుకున్నాము. లైసెన్సు ఉన్న జగిత్యాల తమ్ముడు డ్రైవింగు. ఆరోజు మేము చూసినవి, చూస్తూ మాట్లాడుకున్నవి రాస్తున్నాము. ఇది చరిత్ర పోస్టే. కాకపోతే రాజుల చరిత్ర తక్కువ, బాకీల చరిత్ర ఎక్కువ.

ఆలీ దిబ్బలు

గలాలీ ముహర్రఖ్ దీవిలో ఉంది. వంతెన దాటి మనామా మీదుగా దక్షిణానికి పోతే ఆలీ ఊరు వస్తుంది. కుండలు చేసే ఊరు. ఇళ్ళ మధ్యలో పెద్ద పెద్ద మట్టి దిబ్బలు కనిపిస్తాయి. "ఏంది తమ్ముడూ, ఇక్కడ ఎవరైనా మట్టి తోలినారా?" అని అడిగింది అక్క. మేము కూడా వచ్చిన కొత్తలో ఫౌండేషన్ తవ్విన మట్టి అనే అనుకున్నాము.

అవి సమాధులు. నాలుగు వేల ఏళ్ళ నాటివి. క్రీస్తుకు పూర్వం 2200 నుంచి 1750 దాకా ఇక్కడ దిల్మున్ అనే రాజ్యం ఉండేది. చచ్చిపోయిన మనిషికి రాళ్ళతో గది కట్టి, పైన మట్టి, కంకర కప్పి గుండ్రంగా దిబ్బ చేసేవాళ్ళు. ఆలీలో ఉన్న పెద్దవి రాజులవి. 2019లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వం అని ప్రకటించింది. ఆ జాబితాలో ఉన్నవి 21 చోట్ల కలిపి 11,774 దిబ్బలు. రోడ్లకూ ఇళ్ళకూ పోయినవి ఇంకా ఎన్నో.

ఇంత చిన్న దీవిలో ఇంత సంపద ఎట్లా అంటే, వ్యాపారం. ఇప్పటి ఇరాక్‌లో ఉండే సుమేరు నగరాలకు రాగి కావాలి. రాగి ఒమన్ వైపు దొరికేది. మన సింధు లోయ నుంచి పూసలు, కలప వచ్చేవి. వీటన్నిటికీ మధ్య రేవు దిల్మున్. ఇక్కడి పాత కోట దగ్గర తవ్వితే సింధు నాగరికతలో వాడిన తూకం రాళ్ళ కొలతకు సరిపోయే రాళ్ళు దొరికాయి. గుజరాత్‌లో లోథాల్ తవ్వితే ఈ గల్ఫు రకం ముద్ర దొరికింది. అంటే మనవాళ్ళ రాకపోకలు నిన్న మొన్నటివి కావు. రెండు వైపులా ఒకే తూకం ఉంటేనే వ్యాపారం నిలబడుతుంది అని నాలుగు వేల ఏళ్ళ కిందటే తెలిసింది.

ఇంకో కథ చెప్పాము. సుమేరులో ఉర్ అనే నగరంలో ఈయా-నాసిర్ అనే వ్యాపారి ఉండేవాడు. దిల్మున్ రేవు నుంచి రాగి తెచ్చి అమ్మేవాడు. నన్ని అనే అతను డబ్బు కట్టినాడు. వచ్చిన రాగి నాసిరకం. మనిషిని పంపితే వట్టి చేతులతో తిప్పి పంపినారు. అప్పుడు నన్ని కోపంగా ఒక మట్టి పలక మీద అంతా రాసి పంపినాడు. సుమారు క్రీస్తుకు పూర్వం 1750 నాటిది. ఆ పలక ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

"అప్పుడే కంప్లైంటు పెట్టినారా మామా?" అని నవ్వినాడు పిల్లోడు.

"పెట్టినారు. నోటితో తిట్టి ఊరుకుని ఉంటే ఆ మాట ఆరోజే గాలికి పోయేది. రాసినాడు కాబట్టి మనదాకా వచ్చింది" అన్నాము. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏజెంటుకు ఇచ్చిన అరవై వేలకు బావ దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు.

లోయ అంటే ఇదేనా

రిఫా దాటి, అవాలీ దాటి పోయాక ఊర్లు అయిపోతాయి. జనవరి కాబట్టి ఎడారి నిండా బహ్రెయిన్ వాళ్ళు వేసుకున్న గుడారాలు. చలికాలంలో వాళ్ళు కుటుంబాలతో వచ్చి ఇక్కడ ఉంటారు. ఇంకా ముందుకు పోతే నేల ఒక్కసారిగా దిగుతుంది. చుట్టూ సున్నపురాయి అంచులు, వాన నీళ్ళు కోసిన చిన్న చిన్న వాగులు, మధ్యలో ఒక పళ్ళెం లాంటి లోతట్టు నేల, దాని నడుమ నల్లగా జబల్ దుఖాన్.

కారు దిగి ఒక ఎండిన వాగులోంచి నడిచాము. రెండు వైపులా రాయి. చేత్తో గీరితే పొడి రాలుతుంది. బావ నడుము మీద చేతులు పెట్టుకుని చూసి, "ఇదేనా బామ్మర్దీ మీ లోయ? మన గండికోట ముందు ఇది పిల్లకాలువ" అన్నాడు.

మాట నిజమే. మా ఊరికి దగ్గర్లో పెన్నానది ఎర్ర కొండను చీల్చుకుని పోయే చోట అంచున నిలబడితే కింద మూడు వందల అడుగుల లోతు. ఇక్కడ ఎత్తయిన కొండ అనుకునే జబల్ దుఖాన్ మొత్తం ఎత్తే 134 మీటర్లు. బహ్రెయిన్ దేశంలో అంతకు మించిన ఎత్తు లేదు. దుఖాన్ అంటే పొగ. వేడికి గాలి మసకబారి కొండ చుట్టూ పొగ ఉన్నట్టు కనిపిస్తుందని ఆ పేరు.

కానీ ఈ పిల్లకాలువకూ గండికోటకూ ఒక సంబంధం ఉంది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి గండికోటకు వచ్చినాడు. రెండేళ్ళ ముందే గోల్కొండ సైన్యంతో మీర్ జుమ్లా పెమ్మసాని వాళ్ళ నుంచి ఆ కోట తీసుకున్నాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మాలని తెచ్చిన ముత్యాలు, నగలు ముందు మీర్ జుమ్లాకు చూపించాలి, అది పద్ధతి. అందుకని మన కొండల మధ్యకు ముత్యాల మూటతో వచ్చినాడు. ఆ టావెర్నియే రాసిన యాత్రల పుస్తకంలోనే ముత్యాలు ఎక్కడెక్కడ దొరుకుతాయో చెప్పే అధ్యాయం ఉంది. అందులో మొదట చెప్పింది ఈ బహ్రెయిన్ చుట్టూ ఉన్న సముద్రం.

"హైదరాబాదులో బస్రా ముత్యాలు అంటారే..." అంది అక్క. అవే. బస్రా రేవు పేరు మీద చెలామణి అయినాయి గానీ, పుట్టింది ఈ గల్ఫు నీళ్ళలో. బహ్రెయిన్ ముత్యాలు ఎక్కువగా బొంబాయికి పోయేవి. అక్కడి నుంచి నవాబుల మెడల్లోకి.

ఒకటో నంబరు బావి

జబల్ దుఖాన్ కిందే ఒకటో నంబరు నూనె బావి ఉంది. పైపులు, వాల్వులు, చుట్టూ కంచె, ఒక బోర్డు. పక్కన 1992లో కట్టిన మ్యూజియం. మేము పోయినప్పుడు తలుపు వేసి ఉంది. గల్ఫులో అరబ్బుల వైపు మొట్టమొదట నూనె పడింది ఇక్కడే. 1931 అక్టోబరులో తవ్వడం మొదలుపెట్టారు, 1932 జూన్ మొదటి రోజుల్లో సుమారు రెండు వేల అడుగుల లోతున నూనె తగిలింది. సౌదీలో గట్టిగా నూనె పడింది 1938లో. అంటే ఈ రోజు గల్ఫు మొత్తం మీద ఉన్న మనవాళ్ళందరి కథ మొదలయింది ఈ కంచె దగ్గర అని చెప్పుకోవచ్చు.

తెచ్చింది ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ మనిషి. ఆయన ముందు ఇక్కడ నీళ్ళ బావులు తవ్వించాడు. 1925లో నూనె వెతికే హక్కు తీసుకున్నాడు. బ్రిటిష్ కంపెనీలు నమ్మలేదు. చివరికి అమెరికా కంపెనీ చేతికి పోయింది. 1929లో బాప్కో ఏర్పడింది.

పిల్లోడు ఎలక్ట్రీషియను కదా, "సరిగ్గా ఇక్కడే ఎట్లా తెలిసింది మామా?" అన్నాడు. మాకు తెలిసినంత చెప్పాము. ఈ దీవి కింద రాతి పొరలు బోర్లించిన మూకుడులాగా పైకి ఉబ్బి ఉన్నాయి. నూనె నీళ్ళకంటే తేలిక, సందుల్లోంచి పైకి పైకి వస్తుంది. గట్టి పొర అడ్డం వస్తే మూకుడు కింద గాలి ఆగినట్టు అక్కడే ఆగిపోతుంది. ఆ మూకుడు నడినెత్తి కాలక్రమంలో గాలికీ వానకూ అరిగి పళ్ళెంలా గుంట పడింది. మనం నడిచి వచ్చిన అంచులు ఆ అరిగిన మూకుడు ముక్కలే. లోయ చిన్నదే గానీ, కింద దాచిపెట్టింది చిన్నది కాదు.

నూనెకు ముందు ఏం తిన్నారు

ఒక రాయి నీడన దుప్పటి పరిచి పులిహోర, ఊరిమిండి తిన్నాము. బావ అడిగిన ప్రశ్న మంచిది. "నూనె రాకముందు వీళ్ళు ఏం తిని బతికినారు?"

ముత్యాలే. మా గలాలీ కూడా అప్పుడు చేపలవాళ్ళ, ముత్యాలవాళ్ళ పల్లె. 1900ల మొదట్లో బ్రిటిష్ వాళ్ళు వేసిన లెక్కలో బహ్రెయిన్‌కు 900 పైగా ముత్యాల పడవలు, వాటి మీద 17 వేలకు పైగా మనుషులు. ఎండాకాలం నాలుగు నెలలు నడి సముద్రంలోనే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో తాటి బుట్ట. నిమిషం పైచిలుకు ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి ఆల్చిప్పలు ఏరాలి. పైన ఒకడు తాడు పట్టుకుని ఉంటాడు. వాడు లాగితేనే వీడు బతికేది. పొద్దున కాస్త ఖర్జూరం, కాఫీ. కడుపునిండా తింటే మునగలేడు. అన్నం రాత్రికే.

ఇప్పుడు అసలు సంగతి. పడవ పెద్దను నాఖుదా అంటారు. మా అమలాపురం తమ్ముడు "మా కాడ సరంగు" అన్నాడు. సీజనుకు ముందు నాఖుదా డైవరుకు అడ్వాన్సు ఇస్తాడు, ఇంట్లో ఆడవాళ్ళకు నాలుగు నెలల బియ్యానికి. సీజను అయినాక చలికాలానికి ఇంకో అడ్వాన్సు. బియ్యం, గుడ్డలు కూడా అతని దగ్గరే, అతను చెప్పిన ధరకే. వడ్డీ అనే మాట ఉండదు, అది మతానికి విరుద్ధం. ధరలోనే వడ్డీ కలిసి ఉంటుంది. ఆ నాఖుదా కూడా పై వ్యాపారికి బాకీనే. పుస్తకం ఉండేది నాఖుదా దగ్గర. డైవరుకు చదువు రాదు. ఏడాది చివర లెక్క చూస్తే ముత్యాల వాటా కంటే బాకీ ఎప్పుడూ ఎక్కువే.

బాకీ తీరకుండా ఇంకో పడవ ఎక్కాలంటే, పాత నాఖుదా ‘ఇతను నాకు ఇంత బాకీ’ అని చీటీ రాసివ్వాలి. కొత్తవాడు ఆ బాకీ కట్టి తీసుకోవాలి. ఇది వినగానే మీకు ఏం గుర్తొచ్చిందో మాకు తెలుసు. రిలీజు కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతి మనిషికీ ఇది తెలిసిన కథే.

డైవరు చచ్చిపోతే బాకీ చచ్చిపోయేది కాదు. కొడుకు మీదికి వచ్చేది. తండ్రి మునిగిన అదే పడవలో కొడుకు మునిగేవాడు.

1920లలో బ్రిటిష్ వాళ్ళ ఒత్తిడితో ఇక్కడ సంస్కరణలు వచ్చినాయి. వాటిలో ముఖ్యమైనది ఏందంటే, ప్రతి డైవరుకూ సొంతంగా ఒక లెక్కల పుస్తకం. ఎంత తీసుకున్నాడు, ఎంత సంపాదించాడు, అన్నీ అందులో రాయాలి, అది అతని చేతిలో ఉండాలి. చదువు రానివాడు కూడా ఎవరితోనైనా చదివించుకోవచ్చు. అడ్వాన్సుకు హద్దు పెట్టారు. వ్యాపారులకు ఇది నచ్చలేదు.

కాగితం వచ్చిన మాత్రాన అన్నీ బాగుపడిపోయినాయి అని మేము చెప్పడంలేదు. జపాన్‌లో మికిమోటో కనిపెట్టిన పెంపుడు ముత్యాలు మార్కెట్లోకి వచ్చినాయి. 1929లో ప్రపంచమంతా మాంద్యం. ముత్యం ధర పడిపోయింది. అడ్వాన్సులు తగ్గినాయి. 1932లో డైవర్లు తిరగబడినారు. చూడండి, అదే 1932. సముద్రం వైపు ఆకలితో గొడవ, ఎడారి వైపు నూనె. కొన్నేళ్ళలో ఆ డైవర్లలో ఎందరో నూనె కంపెనీలో కూలీలయినారు. బొంబాయి మీదుగా మనదేశం గుమస్తాలు, పనివాళ్ళు కూడా వచ్చినారు. అప్పుడు ఇక్కడ నడిచేది మన రూపాయే. 1965లో దినారు వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దినారు. ఇప్పుడు రెండు వందలు దాటింది. ఆ తేడా కోసమే మనం ఇక్కడున్నాము.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ బాకీ ఎంత ఉండె అప్పుడు?" అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగినాడు.

చెప్పాము. 2005లో డెబ్బై వేలు కట్టి వచ్చాము, నూటికి మూడు వడ్డీకి. జీతం అరవై దినార్లు, అప్పటి రేటుకు ఏడు వేలు. వడ్డీ నెలకు 2,100. తిండికి పదిహేను దినార్లు, అంటే 1,750. ఇంటికి రెండు వేలు. మిగిలింది పన్నెండు వందల లోపు. దాంతో అసలు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే తీరేసరికి దాదాపు మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో. మేము అమ్మకు ఫోన్లో ‘బాగున్నాము’ అనే చెప్పేవాళ్ళం. మీకు కూడా అదే చెప్పాము బావా. మేము ఆరోజే నిజం చెప్పి ఉంటే నువ్వు ఈరోజు అరవై వేలు ఇచ్చేవాడివి కావు. ఇందులో మా తప్పు ఉంది.

అన్నలూ, ఈ ముక్క మనందరం ఒప్పుకోవాలి. ఊరికి పోయినప్పుడు సెంటు కొట్టుకుని, చాక్లెట్లు పంచి, బాకీ సంగతి దాచిపెడతాము. ఏజెంటు మాటను ఊర్లో నమ్ముతారంటే కారణం మన చొక్కాలే.

జమ్మి చెట్టు కింద

పొద్దు వాలేముందు జీవవృక్షం దగ్గరికి పోయాము. కొండ నుంచి ఎంతో దూరం లేదు. చుట్టూ ఇసుక, మధ్యలో ఒకే ఒక్క పచ్చటి చెట్టు, ముప్పై అడుగుల ఎత్తు. నాలుగు వందల ఏళ్ళు దాటిన చెట్టు అంటారు. నీళ్ళు ఎక్కడివి అని వచ్చినవాళ్ళంతా ఆశ్చర్యపోతారు. వేర్లు చాలా లోతుకు పోయే జాతి అది.

అక్క దగ్గరికి పోయి కొమ్మ, ఆకు చూసి, "ఇది జమ్మి చెట్టు కదరా!" అంది. అవును. మన దసరా జమ్మి చెట్టే. జగిత్యాల తమ్ముడు, "మా దగ్గర దసరా నాడు జమ్మి ఆకు చేతుల పెట్టి బంగారం అంటం. మా తెలంగాణ రాష్ట్ర వృక్షం గూడ ఇదే" అన్నాడు. అక్క కొంగు సవరించుకుని దండం పెట్టుకుంది. పక్కన ఫోటోలు తీసుకుంటున్న బహ్రెయిన్ ముసలాయన ఆమెను చూసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వినాడు.

అక్కడ మేము నోరు తెరిచాము. "బావా, జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచిపెట్టి పాండవులు ఎక్కడికి పోయినారు?"

"విరాటుని కొలువుకు. అజ్ఞాతవాసం."

"ఎన్నేళ్ళు?"

"ఒక్క ఏడాది."

"వాళ్ళకు గడువు ఉంది. ఏడాది కాగానే చెట్టు మీది ఆయుధాలు దించుకున్నారు. విజిట్ మీద ఆగిపోయిన పిల్లోడికి ఏ గడువు ఉంది? పని చేస్తూ దొరికితే జైలు, జరిమానా, ఇంటికి పంపడం. దొరక్కపోతే జీతం ఎగ్గొట్టినా అడగలేడు, జ్వరం వస్తే ఆసుపత్రికి పోవడానికి భయం. స్కాఫోల్డింగు మీదినుంచి పడితే ‘వీడు మా మనిషి కాదు’ అంటారు. మాకు సైట్‌లో అట్లాంటివాళ్ళు కనిపిస్తారు బావా. పోలీసు బండి కనపడగానే పార కింద పడేసి పరిగెత్తేవాళ్ళు. మన పిల్లోణ్ణి అట్లా చూడలేము."

బావకు కోపం వచ్చింది. "నువ్వు మాత్రం వచ్చి ఇల్లు కట్టుకోవచ్చు, నా కొడుకు రాకూడదా?" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. రావద్దు అని మేము అనలేదు. దొంగదారిలో వద్దు, బాకీతో వద్దు అన్నాము. ఆ తేడా చెప్పడానికి కొంచెం టైము పట్టింది. అక్క మధ్యలోకి వచ్చి, "వాణ్ణి అడగండి, వాడి బతుకు కదా" అంది.

పిల్లోడు చెట్టువైపు చూస్తూ, "మామా, ఆ డైవరు పుస్తకం లాంటిది నాకు ఏం ఇస్తారు?" అన్నాడు. 

పుస్తకం లాంటివి ఏమున్నాయి

గలాలీకి వచ్చేసరికి చీకటి పడింది. దారిలో వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాము, మీ ఇండ్లలో పిల్లలకు పనికొస్తాయని.

మనదేశం నిబంధన ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చార్జీ కాదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. డబ్బు ఇస్తే రశీదు అడగాలి. రశీదు ఇవ్వను అన్నవాడికి డబ్బు ఇవ్వకూడదు. ఒప్పంద పత్రం మీద జీతం, ఓటీ, తిండి, రూము అన్నీ రాసి ఉండాలి. దాని ఫోటో మన ఫోన్లో, ఇంకో కాపీ ఇంట్లో ఉండాలి. పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలి, కంపెనీ పెట్టుకోవడం ఈ దేశ చట్టానికీ విరుద్ధమే. దిగినాక పని వీసా నిజంగా ఉందో లేదో ఎల్‌ఎంఆర్‌ఏ సైటులో మన నంబరు కొట్టి మనమే చూసుకోవచ్చు. ఏ రోజు ఎన్ని గంటలు చేశామో చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. జీతం గొడవ వచ్చిన రోజు నోటిమాట కంటే ఆ నోటుబుక్కే పనికొస్తుంది. మేము సూపర్‌వైజర్లుగా చెప్తున్నాము, టైం షీటులో తప్పులు పడతాయి. రాసుకున్నవాడికి సరిచేస్తారు, గుర్తుపెట్టుకున్నవాడితో వాదిస్తారు.

మర్నాడు బావ ఏజెంటుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, "ఇచ్చిన అరవై వేలకు రశీదు పంపు, కంపెనీ పేరు పంపు" అన్నాడు. అవతలి వైపు, "అన్నా, సిగ్నలు సరిగ్గా లేదు" అని కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బావ ఫోను బల్లమీద పెట్టి, "సరే" అన్నాడు. ఇంకేం అనలేదు.

పన్నెండో రోజు ముగ్గురూ వెళ్ళిపోయినారు. మూడు టికెట్లూ వాడినారు. పిల్లోడు కడప వైపు ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరినాడు. రెండేళ్ళ అనుభవం కాగితం చేతికొచ్చాక, పని వీసా మీద, బాకీ లేకుండా వస్తానంటే మేమే ఎయిర్‌పోర్టుకు పోయి తెచ్చుకుంటాము. అరవై వేలలో ఇరవై వేలు ఊరి పెద్దమనుషులు అడిగితే తిరిగొచ్చినాయి. మిగతా నలభై వేలకు వడ్డీ నెలకు పన్నెండు వందలు. ఆ వడ్డీ మేము పంపుతున్నాము, ఎందుకంటే దాచిపెట్టిన తప్పు మాది కూడా.

ముహర్రఖ్‌లో పాత ముత్యాల వ్యాపారుల ఇళ్ళు, రేవు కోట, అన్నీ కలిపి మూడున్నర కిలోమీటర్ల దారి ఉంది. 2012లో యునెస్కో గుర్తించింది. శుక్రవారం సాయంత్రం గలాలీ, ముహర్రఖ్ వైపు ఉండేవాళ్ళు ఒకసారి నడవండి. ఇది వాళ్ళ చరిత్ర అనుకుని నడవద్దు. తాడు పట్టుకుని పైన నిలబడ్డ మనిషిని గుర్తుపెట్టుకుని నడవండి. ఇక్కడ ముందుగా వచ్చిన మనమందరం, ఊర్లో వెనక ఉన్న పిల్లలకు ఆ తాడు పట్టుకున్నవాళ్ళమే.

మీ రూములో చదువు రాని అన్న ఉంటే ఇది చదివి వినిపించండి. వచ్చే శుక్రవారం మళ్ళీ రాస్తాము.

గలాలీ నుంచి, మేము ముగ్గురం.